కన్యాశుల్కమున అగ్నిహోత్రావధాన్లుగారి యిల్లు

గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్క నాటకమును గూర్చి తెలుగున వెలసిన విమర్శ మిక్కిలి విస్తారమైనది. గిరీశమును గూర్చియు, మధురవాణిని గూర్చియు, నాటకమందలి హాస్యమును గూర్చియు, అందలి వాడుకభాషను గూర్చియు పెద్దలు పలుమారులు వ్రాసియున్నారు. ఈ చర్చల నడుమ కృష్ణరాయపురపు అగ్రహారములోని యొక యిల్లు కొంత మఱుగుపడినది. వేదము చదివిన తండ్రి, కంట తడియారని తల్లి, వితంతువై పుట్టినింట నున్న పెద్దకూతురు, బేరము కుదిరిన చిన్నకూతురు, విజయనగరమున ఇంగ్లీషు చదువుచున్న కొడుకు, వచ్చిపోవుచుండు మేనమామ: వీరే ఆ యింటివారు. వీరి తగవు లేనిచో కన్యాశుల్కమున కథ లేదు. గిరీశ మెంతటి మాటకారి యైనను అతడు చొరబడుటకు ఆ యిల్లు కావలసివచ్చినది.

ఈ వ్యాసమున మేము ఆ యింటినే పరిశీలింపదలచినాము. కన్నుల యెదుట నున్న సంగతిని ఆ యింటివా రేల చూడలేకపోయిరి? చూచినవారి మాట యేల చెల్లలేదు? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము నాటకమున కొంతయు, నాటకము పుట్టిన కాలమున కొంతయు కలదు. 1897లో అచ్చైన మొదటి కూర్పు అయిదంకములది. 1909లో వెలువడిన రెండవ కూర్పు ఏడంకములకు పెరిగి, దాదాపు కొత్త రచన యైనది. మేము చర్చించునది రెండవ కూర్పు పాఠమును.

ముందుగా కాలమును గూర్చి రెండు మాటలు. నాటకము తొలుత విజయనగరమున 1892 ఆగస్టులో జగన్నాథ విలాసినీ సమాజమువారిచే ప్రదర్శింపబడినది. ఆ నాటికి వితంతువుల పునర్వివాహమును చెల్లుబాటు చేసిన 1856 నాటి చట్టమునకు ముప్పదియాఱేండ్లు నిండినవి. కందుకూరి వీరేశలింగము పంతులు రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహమును జరిపించి పదునొకండేం డ్లగుచున్నది. ప్రదర్శనకు ముందటి సంవత్సరమే, అనగా 1891లో, ప్రభుత్వము సమ్మతి వయశ్శాసనమును చేసెను. అయితే ఆ శాసనము కాపురమునకు పండ్రెండేండ్ల వయోనియమమును పెట్టినదే కాని, వివాహమునకు ఏ నియమమును పెట్టలేదు. బాలికకు పదునాలుగేండ్లు నిండవలెనను నియమము 1929 నాటి శారదా చట్టముతో గాని రాలేదు. కావున బుచ్చమ్మకు మరల పెండ్లి చేయుటకు చట్టము అడ్డురాదు. సుబ్బిని ముదుసలికి కట్టబెట్టుటకును చట్టము అడ్డురాదు. రెంటియందును నిర్ణయము ఇంటిదే. అప్పారావు కథను న్యాయస్థానమున మొదలుపెట్టక యింట మొదలుపెట్టుటకు ఇది తగిన కారణమని మా అభిప్రాయము.

శాస్త్రమును అడ్డము రాలేదనుట కుదరదు. కూతునకు శుల్కము గైకొనుటను మనుస్మృతి తృతీయాధ్యాయము స్పష్టముగా నిషేధించినది. ధనమిచ్చి కన్యను గొనుట ఆసుర వివాహమని అదే అధ్యాయము చెప్పినది. అవధాని యనిపించుకొన్నవాడు ఇది యెఱుగడనరాదు. అయినను ఆయన యింట శాస్త్రము వినబడునది బుచ్చమ్మ తలమీదనే. సుబ్బి బేరమున వినబడునది వెల. ఒకే యింట ఒకే నోట రెండు ధర్మములు నడచుచున్నవి. ఆ రెండును ఒకదాని నొకటి చూడకుండ నుంచుటయే గృహయజమానునికి నిత్యకృత్య మైనది.

ఇట్టి యిండ్లు ఎన్ని యుండెనో తెలుపు ఆధార మొకటి నాటకముతో ముడివడియే యున్నది. విజయనగర ప్రభువు ఆనందగజపతి ఆజ్ఞపై విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్ల కాలమున జరిగిన శుల్క వివాహములకు ఒక పట్టిక సిద్ధము చేయబడెను. అప్పారావు మొదటి కూర్పునకు వ్రాసిన ఇంగ్లీషు పీఠికలో దాని సారమును పొందుపఱచెను. లెక్కకు వచ్చిన వివాహములు 1,034; సగటున ఏటికి 344. వానిలో అయిదేండ్ల పిల్లలకు జరిగినవి 99, నాలుగేండ్లవారికి 44, మూడేండ్లవారికి 36, రెండేండ్లవారికి 6, ఏడాది బిడ్డలకు 3. ఆ ఏడాది బిడ్డల వెల 350 మొదలు 400 రూపాయల వఱకు పలికినది. పై సంఖ్యలను కూడినచో అయిదేండ్లును అంతకు లోపును వయస్సుగల పెండ్లికూతుండ్రు 188 మంది యగుచున్నారు. అనగా నూటికి పదునెనిమిది మంది.

ఈ పట్టికను ఉదాహరించినవారు సాధారణముగా అంకెల వద్దనే ఆగుచుందురు. మాకు అంకెలకంటె పీఠికాకర్త వానితో చేర్చిన యొక మాట ముఖ్యముగా కనబడుచున్నది. సొమ్ము పుచ్చుకొన్నట్లు ఒప్పుకొనుటకు ఆ కుటుంబములు సహజముగనే వెనుదీసినవనియు, అందువలన పట్టిక సమగ్రము కాదనియు ఆయన చెప్పెను. అనగా సంస్థానాధిపతి యడిగినను తండ్రులు నోరు విప్పలేదు. ఊరెల్ల నెఱిగిన సంగతి ఇంటివారి నోట లేని సంగతి యైనది. పట్టిక పట్టుకొనలేకపోయిన ఆ మౌనమునకు నాటకమున పెట్టిన పేరే అగ్నిహోత్రావధాన్లు.

ఆ పట్టిక విశాఖపట్టణ మండలమునకు మాత్రమే చెందినది. శ్రీకాకుళ ప్రాంతము నాడు గంజాం మండలములోనిది. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు ఈ భాగము విశాఖపట్టణ మండలమున చేరి, 1950 ఆగస్టు 15న ప్రత్యేకమైన జిల్లా యైనది. కావున ఆమదాలవలస చుట్టుపట్ల గ్రామములలో నాడు జరిగిన పెండ్లిండ్ల లెక్క మహారాజావారి పట్టికలో వెదకినను దొరకదు. దొరకనంత మాత్రమున ఆచారము మండలపు పొలిమేర వద్ద ఆగినదనుకొన పనిలేదు. కథ జరిగినట్టి అగ్రహారములు నాగావళికి ఆవలను ఈవలను కూడ నుండెను. సంబంధములకై తిరుగు పెద్దలకు కలెక్టరుల సరిహద్దులతో పనిలేదు.

ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరము పోవువారికి దూసి, పొందూరు, సిగడాము దాటిన పిమ్మట చీపురుపల్లి తగులును. అప్పారావు తండ్రి వేంకటరామదాసు ఉద్యోగరీత్యా అచట నుండుటచే ఆయన బాల్యవిద్య ఆ యూరనే సాగెను. తూర్పుకోస్తా రైలుమార్గము 1893-96 సంవత్సరముల నడుమ వేయబడినది. నాటకము తొలిసారి రంగమెక్కు నాటికి ఈ త్రోవ యంతయు బండ్ల త్రోవయే. నాటకములోని పెండ్లివారును, పాఱిపోవు జంటయు బండ్లమీదనే ప్రయాణము చేయుదురు. ఆ రైలు స్టేషనున కొక వింత కలదు: ఊరు ఆమదాలవలస, పలకమీది పేరు శ్రీకాకుళం రోడ్డు. ఎచట దిగినామో పలకను చూచి తెలిసికొనుట కుదరదు, ఊరివారి నడుగవలెను. అవధాన్లుగారి గుమ్మమునకును ఇట్టి పలకయే యున్నదని చెప్పవచ్చును.

ఈ ప్రాంతపు చదువరికి ఆ యిల్లు మఱియొక కారణమున కూడ చేరువైనది. పిల్లను ‘గుంట’ యనుటయు, ‘ఏమిటి’ని ‘ఏటి’ యనుటయు నేటికిని ఆమదాలవలస సంతలో వినవచ్చును. ఇచటికి ఉత్తరముగా వంశధారాతీరమున శ్రీముఖలింగము, దానికి చేరువనే పర్వతాలపేట. వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో అచట జన్మించెను. ఆయనయు అప్పారావును బాల్యమిత్రులు. మే మీ వ్యాసమున వాడుచున్న భాషలో వెంకమ్మ ఏడ్పు ఇమడదు. అప్పారావు ఆమెకు గ్రాంథికమును పెట్టియుండినచో ఆమె దుఃఖము అలంకారముగా మిగిలి, చదువరి దానిని మెచ్చుకొని ఊరకుండెడివాడు.

ఇక ఇంటిలోనికి పోదము. ఆ కుటుంబమున సత్యము నెఱుగనివా రొక్కరును లేరు. ఇది గమనింపదగినది. ముదుసలికిచ్చిన పెండ్లి ఎట్లు ముగియునో తెలుపుటకు బుచ్చమ్మ ప్రతిదినము వారి నడుమ తిరుగుచునే యున్నది. ఆమెను ఇచ్చినప్పుడు ఏమి జరిగినదో తండ్రి యెఱుగును, తల్లి యెఱుగును, మేనమామ యెఱుగును. అదే పనిని రామచంద్రపురపు లుబ్ధావధాన్లుతో 1,800 రూపాయలకు సుబ్బి విషయమున మరల చేయుటకు తండ్రి సిద్ధపడెను. పట్టికలోని ఏడాది బిడ్డ యెక్కువ వెలకు ఇది నాలుగున్నర రెట్లు. తెలియక చేసిన పని యైనచో తెలియజెప్పిన చాలును. తెలిసి చేయుచున్న పనికి తెలియజెప్పుట వలన ప్రయోజన మేమి?

ఇక్కడ అప్పారావు చూపు మిక్కిలి సూక్ష్మమైనది. చూడలేనితనమును ఆయన ఒక్క తండ్రికే అంటగట్టలేదు. ఇంటివారి కందఱికిని పంచిపెట్టెను. కూతుండ్ర విషయమున వెంకమ్మకు భ్రమ లేదు. ముసలివానికిచ్చిన పెద్దకూతు గతి ఆమె కన్నులయందున్నది. కాని కొడుకు విషయమున ఆమె కన్నులు మూసికొనిపోవును. వెంకటేశము ఇంగ్లీషు చదివి పెద్ద యుద్యోగ మేలునని ఆమె నమ్మకము. వాడు పరీక్ష తప్పి వచ్చినాడు. తప్పిన సంగతి దాచుటకే గిరీశమును వెంటబెట్టుకొని వచ్చినాడు. గురుశిష్యు లిద్దఱును పాఠపుస్తకములలోని ఇంగ్లీషు ముక్కలను తోచినట్లు కలిపి యొకరితో నొకరు సంభాషించుచుండగా తల్లి మురిసిపోవును. ఆ ఘట్టము రంగముమీద నవ్వు పుట్టించుటలో ఎన్నడును తప్పదు. కాని నవ్వు తగ్గిన పిదప చూచినచో, అర్థము లేని శబ్దమును జ్ఞానమని నమ్మి ఆనందించు తల్లి యచట నిలుచున్నది.

అగ్నిహోత్రావధాన్లుది దీనికి సరిగా తలక్రిందైన స్థితి. కొడుకు చదువునకగు వ్యయమును ఆయన చక్కగా చూడగలడు. పుస్తకముల జాబితా చూచి మండిపడును. ఇంగ్లీషు చదువు వట్టి నష్టమని ఆయన కనిపెట్టినట్లు ఆ యింట మఱెవ్వరును కనిపెట్టలేదు. అంతటివాడు దావాల కాగితములను ఇంగ్లీషులో చక్కబెట్టెదనని గిరీశము పలికిన వెంటనే మెత్తబడిపోవును. దావా ఆయన వ్యసనము. రేపో మాపో గెలుచు వ్యాజ్యమున్నచో నేటి నష్టము నష్టము కాదు. పందెగానికి పాచికల వలెనే ఆయనకు కాగితములు. కోర్టులు, దస్తావేజులు, ప్లీడరులు పల్లెలకు వ్యాపించిన ఆ కాలమున ఇట్టి వ్యసనము పెక్కు భూస్వామి కుటుంబములను పట్టినది. తన యింటి తగవును తాను తీర్చుకొనలేని గృహస్థునకు ఊరివారిపై తగవు పెట్టుకొనుట యొక ఊరట.

ఇట్లు భార్యకు భర్త భ్రమ తెలియును, భర్తకు భార్య భ్రమ తెలియును. ఎవరి భ్రమ వారికి తెలియదు. ఒకరి నొకరు చక్కగా చూడగలిగి, తమ్ము తాము చూచుకొనలేని యీ కుటుంబ చిత్రము అప్పారావు కాలమునాటి తెలుగు నాటకములయందు వెదకినను కనబడుట యరుదు.

ద్వితీయాంకములోని భోజనపు పంక్తి ఈ యింటి చరిత్రకు కీలకము. అచట సత్యము ఏ ముసుగును లేక పలుకబడెను. పలికినవాడు కరటకశాస్త్రి, వెంకమ్మకు తోబుట్టువు. ఈ సంబంధము వలదని ఆయన బావతో నేరుగా చెప్పెను. సమాధానముగా వాదము రాలేదు. పులుసు వచ్చి వెంకమ్మ నెత్తిన పడినది. మాట యన్నవాడు బావమఱది, శిక్ష భార్యకు. అటుపిమ్మట వెంకమ్మ దొడ్డివైపు పోయి నూతిలో పడుటయు, ఆమెను పైకి తీయుటయు జరిగినవి. తల్లి ప్రాణమునకు తెగించి చేసిన ఆ పని తరువాత ఏమి మాఱినది? ఏమియు మాఱలేదు. ముహూర్తము నిలిచియే యున్నది.

రంగముమీద ఈ ఘట్టమును హాస్యముగా నడుపువారు కలరు. అవధాన్లు కోపము నవ్వు పుట్టించు కోపమే. దానిని మేము కాదనము. అయితే నుయ్యి నవ్వునకు సాధనము కాదు. ఈ సీమ యిండ్లలో దొడ్డినూయి ఆడవారికి నీరు తెచ్చుచోటు మాత్రమే కాక, చివరి మాట చెప్పుకొను చోటు కూడ నయ్యెను. అవధాన్లు యింట ఆమెకు వేఱు వేదిక లేదు. ఆ చివరి మాటను కూడ వినకపోవుట అవధాన్లు పాత్రలో కెల్ల భయంకరమైన సంగతి. కాగా ఆయనను క్రూరునిగా చూపుట సులభమైన పని. అప్పారావు అట్లు చేయలేదు. ఆయన బుచ్చమ్మను ద్వేషింపడు, సుబ్బిని ద్వేషింపడు. ఆడపిల్లలు ఆయన లెక్కలలో నున్నారు. లెక్కలో నున్నదానిపై ద్వేష మెందుకుండును?

ఈ పంక్తి తరువాత నాటకపు నడక మాఱిపోవును. నేరుగా పలికిన సత్యము ఓడిపోయినది కావున, ఇకపై సత్యము ఆ కథలో ఎప్పుడు కదలినను మాఱువేషముతోనే కదలును. కరటకశాస్త్రి విజయనగర సంస్థానపు నాటకములలో విదూషక వేషము కట్టువాడు. ఉపదేశము పనిచేయనిచోట తన వృత్తి పనిచేయునని ఆయనకు తోచినది. శిష్యుడైన మహేశమునకు ఆడువేషము వేసి, మధురవాణి సాయముతో, సుబ్బికంటె చవుకగా లుబ్ధావధాన్లునకు కట్టబెట్టెను. ఇది వట్టి తంత్రమని మేము తలపము. కొనువానికి తాను కొనునది మనిషియని తెలియదు, వెల మాత్రమే తెలియును, అనుటకు ఇంతకంటె సాక్ష్యము లేదు. పిల్లయో పిల్లవాడో చూడకయే పెండ్లి జరిగినది.

లుబ్ధావధాన్లు యిల్లు మఱియొక గ్రంథమునకు తగినది. ఇచట ఒక్క సంగతి చెప్పి విడుతుము. వితంతువైన కూతురు మీనాక్షికి రామప్పపంతులుతో గల సంబంధము ఆ యింట నందఱికిని తెలిసినదే. దానిని గూర్చి ఎవరికిని భయము లేదు. కొత్త పెండ్లికూతునకు పూర్వమే పెండ్లి యైనదను వదంతి పుట్టినంతనే, లేని ఆ మొదటి మగని దయ్యము ముసలివాని గుండెలపై కూర్చుండును. గవరయ్య వచ్చి దానిని సీసాలో బంధించును. ఉన్నదానిని చూడక లేనిదానికి శాంతి చేయించుట యెట్లుండునో ఆ సీసా చెప్పుచున్నది.

బుచ్చమ్మ విషయము వీని కన్నింటికంటె కష్టమైనది. విమర్శకులు పలువురు ఆమెను అమాయకురాలనియు, గిరీశపు వలలో పడినదనియు వ్రాసి ముగించిరి. ఆమె గిరీశమును నమ్మెననుట నిజము. ఆతడు నమ్మదగినవాడు కాడనుటయు నిజము. విజయనగరమున పూటకూళ్లమ్మ సొమ్ము తిని, అప్పులవారి నుండి తప్పించుకొని వచ్చినవాడు వితంతూద్ధరణమును గూర్చి ఉపన్యసించును. కాని ఆమె ఇల్లు విడుచుటకు ఒప్పుకొనిన కారణమును మఱువరాదు. తాను లేచిపోయినచో చెల్లెలి పెండ్లి ఆగునని గిరీశము చెప్పిన మాట ఆమెను కదల్చినది. తన సుఖమునకై యడిగినప్పుడు వెనుదీసిన స్త్రీ సుబ్బి పేరు వినినంతనే తల యొగ్గినది. తల్లి నూతిలో పడి సాధింపలేనిదానిని కూతురు గడప దాటి సాధింపజూచెను. ఆ యింట వాస్తవమును చూచి, చూచినదానికి తగిన పని చేసినది ఆమె యొక్కతెయే. అయితే ఆ పనికి దారి చూపినవాడు అబద్ధీకుడు. సత్యమునకు ఇట్టి వాహకుడు దొరకుట ఆ యింటి దురదృష్టమా, అప్పారావు పరిహాసమా యని యడిగినచో, రెండును వేఱుకావని మేము చెప్పుదుము.

ఇదే కాలమున ఐరోపా నాటకరంగమున కూడ ఇంటి అబద్ధము ప్రధాన వస్తువైనది. నార్వే నాటకకర్త ఇబ్సెన్ 1879లో బొమ్మరిల్లును, 1884లో అడవి బాతును ప్రకటించెను. రెండవదానిలో ఎక్డాల్ కుటుంబము ఒక అబద్ధముపై హాయిగా బ్రదుకుచుండగా, ఆదర్శవాది యొకడు వచ్చి సత్యమును బయలుపఱచును. దాని ఫలముగా పదునాలుగేండ్ల బాలిక హెడ్విగ్ మరణించును. ఒక నాటకము మఱియొకదానికి మూలమని మేము వాదింపము. పోలికకంటె భేదము ప్రయోజనకరము. ఇబ్సెన్ యింట ముసుగులేని సత్యము బాలికను చంపినది. అప్పారావు యింట ముసుగు తొడిగిన సత్యము బాలికను కాపాడినది. అచట భ్రమ పేదవారికి ఆశ్రయము. ఇచట భ్రమకు వెల కట్టబడినది, ఆ వెల మఱియొకరి జీవితము. ఇంటివారిని భ్రమలో బ్రదుకనిండను జాలి అచట కొంత సాగును. కృష్ణరాయపురమున సాగదు, ఎందుకనగా అచట ముహూర్తము దగ్గఱపడుచున్నది.

సప్తమాంకమున రంగము విశాఖపట్టణమునకు మాఱును. ఇంటి కథ కోర్టు కథ యగును. అగ్నిహోత్రావధాన్లు తనకు తెలిసిన మార్గమునే పట్టి, కూతును తీసికొనిపోయిన గిరీశముపై వ్యాజ్యమునకు తిరుగును. కూతురు పోయిన దుఃఖమును కూడ ఆయన దావాగానే అనుభవింపగలడు. ఇంగ్లీషు చదువే తన కొంప తీసెనని ఆయన తేల్చుకొనును. తాను వెలకట్టిన సంగతి ఆ తేల్పులోనికి రాదు. సౌజన్యారావు పంతులు వంటి ధర్మాత్ముడు హితము చెప్పినను ఆయనలో వచ్చిన మార్పు స్వల్పము. ఇది నాటకపు లోపమని కొందఱనవచ్చును. మా దృష్టిలో ఇదియే దాని నిజాయితీ. పట్టికకు సొమ్ము సంగతి చెప్పని ఆ తండ్రులు ఒక సాయంత్రపు హితబోధతో మాఱియుందురా?

లుబ్ధావధాన్లును హత్యానేరమునుండి తప్పించు సత్యము కూడ మాఱువేషముననే వచ్చినది. మధురవాణి పురుషవేషము ధరించి సౌజన్యారావు గదికి పోయి, చనిపోయినదనుకొన్న పెండ్లికూతురు మగపిల్లవాడని తెలిపెను. పెద్దమనిషి యైన ఆ వకీలు వేశ్యను తన యెదుటకు రానీయడు. అందువలన ఆమెయు వేషము వేయవలసివచ్చెను. భ్రమ అగ్రహారమునందే గాక సంస్కర్త గదియందును కొంత యున్నదని రచయిత సూచించెను. సౌజన్యారావును మిక్కిలి గౌరవించుచునే ఆ సూచన చేయుట అప్పారావు ధైర్యము.

నాటకము పుట్టిన రెండు మూడు దశాబ్దములలో ధనము నడచు దిక్కు మాఱినది. ఉద్యోగములు చేయు వరులకు గిరాకి పెరుగగా శుల్కము కట్నముగా తిరుగబడెను. కాళ్లకూరి నారాయణరావు 1921లో రచించిన వరవిక్రయమున పురుషోత్తమరావు, భ్రమరాంబ దంపతులు కూతుండ్రకు వరులను కొనవలసిన స్థితిలో పడుదురు. పెద్దకూతురు కాళింది ప్రాణత్యాగము చేసికొనును. అచట తండ్రి సజ్జనుడు, ఆచారము చెడ్డదని యెఱిగినవాడు. ఎఱిగియు తలవంచెను. అవధాన్లు వలె పులుసు కుమ్మరించు తండ్రి లేనియింటను కూతురు చనిపోవుట చూడగా, తండ్రి స్వభావమునకంటె లెక్క బలమైనదని తేలుచున్నది. వెంకమ్మ బ్రదికినది, కాళింది బ్రదుకలేదు.

ప్రదర్శనల సంగతి కొంత చెప్పవలసియున్నది. రెండవ కూర్పును యథాతథముగా ఆడినచో ఒక రాత్రికి మించును. అందుచే కుదించి యాడుట అనివార్యము. కుదించునపుడు ఏది మిగులునన్నదే ప్రశ్న. 1955లో పి. పుల్లయ్య దర్శకత్వమున వచ్చిన చలనచిత్రమున గిరీశముగా నందమూరి తారక రామారావు, మధురవాణిగా సావిత్రి నటించిరి. ప్రఖ్యాతులైన నటులు ఆ రెండు పాత్రలకు చేరుట సహజమే. ప్రేక్షకుడు వారిని చూచుటకు వచ్చును, ఇల్లు వారికి వెనుక తెరయగును. కాని పులుసు, నుయ్యి లేనిచో కరటకశాస్త్రి శిష్యునికి చీర యేల కట్టెనో ప్రేక్షకునికి తెలియదు. అప్పుడు వేషము వట్టి వినోద మగును; మధురవాణి సాహసము గడుసుదన మగును. ఇకముందు ఈ నాటకమును కుదించువారు ద్వితీయాంకపు భోజనపు పంక్తిని ముట్టకుండ విడువవలెనని మేము కోరుచున్నాము. నవ్వు తగ్గునను భయము వలదు. ఆ నవ్వు అచటినుండియే పుట్టినది.

1892లో విజయనగరమున ఆ పంక్తిని చూచినవారిలో పట్టికకు ఎక్కిన తండ్రులును, పట్టికకు దొరకని తండ్రులును ఉండియుండవచ్చును. మహారాజు అడిగినపుడు వారు సమాధానము చెప్పవలసివచ్చెను. నాటకము వారిని ఏమియు నడుగలేదు. తమ యింటిని మఱియొకని యిల్లుగా చూచుటకు వారికి వీలుకలిగినది. అప్పారావు కూడ కరటకశాస్త్రి చేసిన పనినే చేసెను.

కథ ముగియు వేళకు సుబ్బి పెండ్లి తప్పినది. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయమునకు పంపుటకు నిశ్చయమైనది. కార్వే మహాశయుడు ఆ నగరమున అట్టి ఆశ్రమమును 1896లో స్థాపించియుండెను. అనగా ఈ నిశ్చయము ఊహామాత్రము కాదు. నాడు నిజముగా నున్న తలుపే. కాని ఆ నిశ్చయము జరిగినది విశాఖపట్టణమున, సౌజన్యారావు పంతులుగారి గదిలో. కూతు రింత దూరము పోవుచున్నదను సంగతి కృష్ణరాయపురమున వెంకమ్మకు ఎవరు చెప్పిరో, ఆమె యేమనెనో నాటకమున లేదు. ఆ చివరి యంకమున ఆమెకు ఒక్క మాటయైనను లేదు.